బొగ్గుబాయిలో ఒంటిమీది రక్షణ
(సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత మైనింగ్ సర్దారు చేసిన ప్రసంగ పాఠం)



రక్షణ పరికరాల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, "ఇంకా మనకెందుకండీ, హెల్మెట్టు, లైటు అప్పజెప్పి వచ్చేశాం కదా" అన్నాను. "మనం అప్పజెప్పాం, మన పిల్లలు పెట్టుకుంటున్నారు" అన్నారాయన. నిజమే. మన ఇళ్లలో కొందరి కొడుకులు భూగర్భ గనుల్లో ఉన్నారు. కొందరి మనుమలు ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు పనుల మీద ఉన్నారు. అందుకే ఒప్పుకున్నాను.

ముందుగా ఒక మాట మనవి చేస్తాను. గనిలో ఒంటిమీది సామాను చివరి రక్షణ మాత్రమే. కప్పుకు సపోర్టు, ఫేసు దాకా మంచి గాలి, దుమ్ము లేవకుండా నీళ్లు, ఇవన్నీ అంతకు ముందు ఉండాలి. మీద పడే బండను ఏ హెల్మెట్టూ ఆపదు. రాలే చిన్న పెళ్లల నుంచి, నెత్తికి తగిలే గర్డరు నుంచి కాపాడుతుంది, అంతే. హెల్మెట్టు ఉంది కదా అని సపోర్టు లేని చోటికి మనిషిని పంపకూడదు.

ఆ హెల్మెట్టు సంగతే చూడండి. లోపల పట్టీల బుట్ట ఉంటుంది. దానికీ పై చిప్పకూ మధ్య ఖాళీ ఉంటుంది. దెబ్బ బలాన్ని మింగేది ఆ ఖాళీయే. మనమేం చేసేవాళ్లం? సెలవు చీటీలు, తువ్వాలు మడిచి అందులో దాచుకునేవాళ్లం. అంటే దెబ్బను నేరుగా నెత్తికి అందించే ఏర్పాటు మనమే చేసుకున్నామన్నమాట. గడ్డం కింద పట్టీ పెట్టుకోకపోతే వంగినప్పుడు హెల్మెట్టు ముందే జారిపోతుంది.

ఇక బూట్ల విషయం. ఇది చెప్పడం నాకు కష్టం. అయినా చెప్పాలి.

నేను సర్దారుగా ఉన్న రోజుల్లో మా షిఫ్టులో ఒక ఫిల్లరు ఉండేవాడు. పొట్టి మనిషి, చిన్న పాదాలు. ఆయనది ఆరో నంబరు. ఇచ్చినవి తొమ్మిదో నంబరు బూట్లు. ముందు భాగంలో పాత గుడ్డలు కుక్కుకొని తొడుక్కునేవాడు. ఒకరోజు బూట్లు లేకుండా వస్తే, అందరి ముందూ కేకలేసి బయటికి పంపాను. మస్టరు పోయింది. మర్నాటి నుంచి మళ్లీ గుడ్డలు కుక్కుకొని వచ్చాడు.

ఆ బూటు ముందు భాగంలో ఉక్కు టోపీ ఉంటుంది. అది వేళ్ల మీద ఉండాలి. గుడ్డ కుక్కితే వేళ్లు ఉక్కు టోపీ వెనక్కి జరిగిపోతాయి. కొన్ని వారాలకు ఇనుప ప్రాపు జారి సరిగ్గా ఆ వెనక భాగం మీదే పడింది. రెండు వేళ్లు తీసేశారు. నా రిపోర్టులో "కార్మికుని అజాగ్రత్త" అని రాశాను. ఆ మాట ఎవరూ రాయించలేదు. నేనే రాశాను.

ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడబోయాను. కోపంగా ఒక్క మాట అనలేదు. "సారూ, నేను అడిగిన గద. నా సైజు లేదన్నరు" అన్నాడు. అంతే. ఇన్నేళ్లయినా ఆ మాట నాకు వినపడుతూనే ఉంది.

1957 నాటి బొగ్గుగనుల నిబంధనల్లోనూ, వాటి స్థానంలో 2017లో వచ్చిన నిబంధనల్లోనూ బూట్లు, హెల్మెట్టు యజమాని ఉచితంగా ఇవ్వాలనే ఉంది. ఇచ్చినట్టు రిజిస్టరులో సంతకం ఉంటే చాలు అనుకున్నాం. పాదానికి సరిపోని బూటు ఇచ్చినా ఇవ్వనట్టే. ఆ రోజు అజాగ్రత్త ఆయనది కాదు. సైజు చూడని మాది.

మూడోది నడుముకు కట్టుకునే సెల్ఫ్ రెస్క్యూయరు. మన కాలంలో ఎక్కువగా ఫిల్టరు రకం ఉండేది. మంటలు, పేలుడు తర్వాత వచ్చే కార్బన్ మోనాక్సైడు విషానికి రంగు లేదు, వాసన లేదు. ఆ డబ్బాలోని రసాయనం దాన్ని కార్బన్ డయాక్సైడుగా మారుస్తుంది. అప్పుడు పీల్చే గాలి వేడెక్కుతుంది, నోరు ఎండిపోతుంది. పాడైందేమోనని మనిషి దాన్ని నోట్లోంచి తీసేయబోతాడు. తీస్తే ప్రాణం పోతుంది. వేడి రావడం అది పనిచేస్తున్నదనడానికి గుర్తు! ఈ ఒక్క ముక్క తెలియకపోతే నడుముకు డబ్బా ఉండీ లాభం లేదు. ఇంకోటి, ఆ రకం ఆక్సిజను తయారుచేయదు. గాలిలోనే ఆక్సిజను లేకపోతే అది పనికిరాదు. మన ఊపిరిలోని తేమతో ఆక్సిజను పుట్టించే రకం తర్వాత వచ్చింది. ఏ రకమైనా సరే, చీకట్లో చేతి తడుముడుతో తెరిచి, ముక్కుకు క్లిప్పు పెట్టుకోవడం అలవాటై ఉండాలి.

దుమ్ము గురించి కొద్దిగా. మూతికి తువ్వాలు కట్టుకుంటే చాలనుకునేవాళ్లం. కంటికి కనిపించే దుమ్ము ముక్కులోనే ఆగిపోతుంది. ఊపిరితిత్తుల అడుగుకు చేరేది కంటికి కనిపించని సన్నని దుమ్ము. అది తువ్వాల నేతలోంచి దూరిపోతుంది. దానికి తగిన మాస్కు కావాలి. ముఖానికి సందు లేకుండా అతుక్కోవాలి. గడ్డం పెరిగితే అతుక్కోదు. పాడైన ఊపిరితిత్తులను ఏ మందూ మునుపటిలా చేయలేదు.

చెవుల గురించి నన్ను చూస్తే తెలుస్తుంది. ఇందాక అధ్యక్షులవారు నా పేరు రెండుసార్లు పిలిచారట! డ్రిల్లు దగ్గర, ఫ్యాను దగ్గర చెవులకు ఏమీ పెట్టుకోలేదు. పెట్టుకుంటే కప్పు పలికే చప్పుడు వినపడదని భయం. ఆ భయం ఉత్తది కాదు. కప్పు కూలేముందు చేసే టకటక విని ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు మనలో ఉన్నారు. అందుకే ఏ చోట పెట్టుకోవాలో, ఏ చోట తీయాలో పనివాళ్లతో మాట్లాడి నిర్ణయించాలి. ఊరికే ఆర్డరు వేస్తే అవి జేబులోనే ఉంటాయి.

మన అమ్మలకూ ఇందులో పాలుంది. లైటు బ్యాటరీ యాసిడ్ కారి మన బట్టలకు పడిన చిల్లులు కుట్టింది వాళ్లే. ఏ బ్యాటరీ కారుతున్నదో ల్యాంపు రూముకన్నా ముందు వాళ్లకే తెలిసేది. ఇప్పుడు తేలికైన ఎల్.ఇ.డి. లైట్లు వచ్చాయి, సంతోషం. చూసే కన్ను మాత్రం ఇంట్లో అలాగే ఉండాలి.

చివరగా నా మనవి ఇది. డ్యూటీ నుంచి వచ్చిన పిల్లవాడిని అన్నం దగ్గర మూడు ప్రశ్నలు అడగండి. నీ బూటు నీ సైజేనా? రెస్క్యూయరు తెరిచే శిక్షణ నీకిచ్చారా? మాస్కు ముఖానికి పడుతున్నదా? కాంట్రాక్టు పిల్లలను మరీ మరీ అడగండి. ఉద్యోగం పోతుందని వాళ్లు నోరు విప్పరు. "సైజు లేదన్నారు" అని జవాబు వస్తే మన సంఘానికి చెప్పండి. మన ఉద్యోగం ఇక ఎవరూ తీయలేరు కాబట్టి మనం అడగవచ్చు.

ఆ ఫిల్లరు కుటుంబం ఈ సభలో ఉన్నదేమో నాకు తెలియదు. ఉంటే, నేను రాసిన ఆ మాటను ఈ సభాముఖంగా వెనక్కి తీసుకుంటున్నాను.