కారు లాక్ పడింది, తాళం లోపలే ఉంది... ఇప్పుడేం చేయాలి?

తాళం కారులో ఉండిపోయింది, డోర్లన్నీ లాక్ పడ్డాయి, మనమేమో బయట. ఇలా ఎవరికైనా జరగొచ్చు. అప్పుడేం చేయాలో ఇవాళ చూద్దాం.

అన్నిటికంటే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: లోపల ఎవరైనా ఉన్నారా? మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

లోపల చిన్నపిల్లలో, పెద్దవాళ్లో ఉన్నారనుకోండి. ఎండలో ఆగి ఉన్న కారులో 10 నిమిషాల్లోనే సుమారు 10 డిగ్రీల వేడి పెరుగుతుంది. పిల్లల ఒళ్లు మనకంటే చాలా త్వరగా వేడెక్కుతుంది. 2025 మేలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆడుకుంటూ ఆగి ఉన్న కారెక్కారు. డోర్లు లాక్ పడి నలుగురూ చనిపోయారు. అందుకే చెప్తున్నా, కాస్త ఊహ తెలిసిన పిల్లలైతే లాక్ ఎలా తీయాలో అద్దంలోంచి సైగ చేసి చూపించండి. పక్కనున్న వాళ్లని 112కి ఫోన్ చేయమనండి. డోరు వెంటనే రాలేదా? అద్దం పగలగొట్టేయండి. అద్దం మళ్లీ కొనుక్కోవచ్చు.

ముందు అద్దం మీద మాత్రం టైం వేస్ట్ చేయకండి. దాని పొరల మధ్య ప్లాస్టిక్ ఉంటుంది, బీటలు పడుతుంది కానీ ఊడి రాదు. పక్క డోరు అద్దాలు చాలా కార్లలో టెంపర్డ్ గ్లాసే, కొడితే చిన్న ముక్కలై రాలిపోతాయి. బిడ్డకి దూరంగా ఉన్న డోరు చూసుకోండి. చేతికి గుడ్డ చుట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, సుత్తితోనో మొనదేలిన రాయితోనో అద్దం మూల దగ్గర కొట్టండి. మధ్యలో కొడితే తొందరగా పగలదు.

ఇక లోపల ఎవరూ లేరా? అయితే కంగారేం లేదు. అన్ని డోర్లూ, డిక్కీ ఒకసారి లాగి చూడండి. మీ కారుకి కనెక్టెడ్ యాప్ ఉంటే అందులో అన్‌లాక్ ఆప్షన్ ఉందేమో చూడండి. ఇంట్లో డూప్లికేట్ తాళం ఉంటే ఎవరినైనా తెమ్మనండి. అదీ కుదరకపోతే ఇన్సూరెన్స్ పేపర్ తీయండి. చాలామంది రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి డబ్బులు కట్టి ఆ సంగతే మర్చిపోతారు. తాళాలు చేసేవాళ్లని పిలిస్తే రేటు ఫోన్‌లోనే మాట్లాడుకోండి. కారు మీదేనని చూపించడానికి డిజీలాకర్‌లో ఆర్‌సీ ఉంటే చాలు.

తాళం చేతిలోనే ఉంది, రిమోట్ పనిచేయట్లేదు అంటారా? బ్యాటరీ అయిపోయి ఉంటుంది. చాలా స్మార్ట్ కీల లోపల మామూలు తాళంచెవి ఒకటి దాగి ఉంటుంది. పక్కనున్న చిన్న బటన్ నొక్కి లాగితే బయటికొస్తుంది. డోరు హ్యాండిల్ దగ్గర తాళం రంధ్రం కనిపించకపోతే చిన్న మూత కింద ఉందేమో చూడండి.

చేయకూడనివి రెండు. స్కేలు, హ్యాంగరు లోపలికి దూర్చకండి. డోరులో వైర్లుంటాయి, కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు కూడా ఉంటాయి. రెండోది, ఇంట్లోవాళ్లు ఫోన్ దగ్గర రిమోట్ నొక్కితే ఇక్కడ డోరు తెరుచుకుంటుందన్న వాట్సాప్ ఫార్వర్డ్ నమ్మకండి. రిమోట్ పంపేది రేడియో సిగ్నల్. ఫోన్ కాల్‌లో వెళ్లేది మాట మాత్రమే.

ఈ వీడియో అయ్యాక మూడు పనులు చేయండి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నంబర్ సేవ్ చేసుకోండి. ఫోన్ కూడా కారులో ఉండిపోవచ్చు కాబట్టి ఇంట్లో ఒకరి నంబర్ నోటికి నేర్చుకోండి. ఇంటి ముందు కారు ఆపినా లాక్ చేసి, తాళం పిల్లలకి అందకుండా పెట్టండి. నన్నడిగితే ఈ మూడోదే అన్నిటికంటే ముఖ్యం. ఉంటాను మరి, జాగ్రత్త!