పొట్టిగుఱ్ఱమునకు తగిన జీను

మనకు మెడక్రింద, రొమ్మునకు పైభాగమున అడ్డముగా నుండు జత్రువను నెముక గుఱ్ఱమునకు లేదు. ఈ చిన్న విషయము తెలియనిదే జీనునుగూర్చి మాటలాడుట వ్యర్థము. గుఱ్ఱము ముందుకాళ్లు మొండెమునకు ఎముకతో అతుకుకొని యుండవు. కండరములును స్నాయువులును అల్లిన ఉయ్యెలవంటి దానిలో రొమ్ము వ్రేలాడుచుండును. ఇరుప్రక్కల భుజఫలకములు దాని నానుకొని యుండును. ముందుకాలు చాచినప్పుడు ఆ ఫలకముయొక్క క్రిందికొన ముందునకు లేచును, పైకొన వెనుకకును కొంచెము క్రిందికిని జరుగును. అడుగడుగునకు ఇట్లు జరుగవలసినదే. జరుగుటకు చోటు లేనిచో అడుగు పొట్టిదగును.

ఆ చోటునే జీను తఱచుగా ఆక్రమించుచున్నది. పెద్దగుఱ్ఱములకంటె పొట్టిగుఱ్ఱముల విషయమున ఈ కష్టము హెచ్చు. అంతర్జాతీయ పోటీలలో నాలు లేకుండ 148 సెంటీమీటర్ల ఎత్తునకు మించని గుఱ్ఱమును పోనీ యందురు. మన భాషలో తట్టువ. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు కొండలలో పుట్టిన షెట్లండు, డార్ట్‌మూర్, ఫెల్, వెల్ష్ పోనీలును, మన మణిపురి, స్పితి, జంస్కారి తట్టువలును ఈ కోవలోనివే. వీనిలో పెక్కింటికి పొట్ట గుండ్రము, వీపు కుఱుచ, మూపు చదును. మూపు ఎత్తుగా నున్న గుఱ్ఱముమీద జీను తనంతట నిలుచును. చదునైన గుండ్రని వీపుమీద నైతే పీపాపై వేసిన బొంతవలె ప్రక్కలకు తిరుగును, పల్లము దిగునప్పుడు ముందునకు జాఱి భుజములమీద కూర్చుండును. దిగజాఱకుండుటకై కడుపుపట్టీని మఱింత బిగింతురు. బిగించినకొలది చట్రముయొక్క మొనలు భుజములవెనుక గ్రుచ్చుకొనును.

పాప మా జంతువు ఏమి చేయగలదు? అడుగులు కుదించును, పల్లములో తడబడును. జీను తెచ్చుచుండగనే చెవులు వెనుకకు వాల్చును, పట్టీ బిగించువానిని కఱవబోవును, దుముకవలసినచోట నిలిచిపోవును. పిల్లవాని తండ్రి దానిని మొండిగుఱ్ఱమనును, నేర్పువాడు కొరడా దీయుమనును, చివరకది చేతులు మాఱును. కొన్నవాని యింటను అదే జీను, అదే మొండితనము. ఇట్టి గుఱ్ఱములను మేము పెక్కింటిని చూచితిమి. వానిలో నిజముగా మొండివి మిక్కిలి తక్కువ. మనుమంచిభట్టు గుఱ్ఱముల లక్షణములనే విషయముగా గొని తెలుగున పద్యకావ్యము రచించిన దేశము మనది. గుఱ్ఱమును కొనబోవువారు నేటికిని సుడులను లెక్కపెట్టి శుభాశుభములు విచారింతురు గాని, భుజముమీద చేయి వేసి చూచువారు అరుదు.

ఇక వెల మాట. కొలతలు తీసికొని ప్రత్యేకముగా కుట్టించు జీను సామాన్యుని కందదు. పైగా పిల్లవాడు రెండు మూడేండ్లలో ఎదుగును, గుఱ్ఱము గడ్డికాలమున బలియును, ఎండకాలమున చిక్కును. కావున తక్కువ వెలలో తగినదానిని వెదకుటయే చాలమందికి గల మార్గము. ఇందు మా అభిప్రాయము స్పష్టము: తక్కువ వెలకు వచ్చు క్రొత్త జీనుకంటె మంచి పనివాడు చేసిన పాతజీను మేలు. కాన్పూరులోను, ఇంగ్లండునందలి వాల్సాల్ పట్టణమునందును తరతరములుగా జీనులు కుట్టువా రున్నారు. మంచి తోలు, సరియైన చట్రముగల జీను సరిగా కాపాడినచో దశాబ్దములు నిలుచును. తక్కువ వెలకు పెట్టవలెనని చేసిన క్రొత్తవానిలో పైకి తోలు నిగనిగలాడుచుండును గాని, లోపలి చట్రము రెండు ప్రక్కల సమానముగా నుండుట కష్టము.

వెదకబోవుటకు ముందు ఒక అట్టముక్కను సిద్ధము చేసికొనవలెను. దీనికి పెద్ద ఖర్చు లేదు. చిత్రలేఖనపు సామానులమ్ము అంగళ్లలో దొఱకు వంగెడు కొలబద్ద యొకటి చాలును. లేనిచో మెత్తని సీసపుపట్టీ. గుఱ్ఱమును సమతలమున నాలుగు కాళ్లు సరిగా నిలుచునట్లు నిలుపవలెను. వ్రేళ్లతో తడవి భుజఫలకముయొక్క వెనుక అంచును కనుగొని, దానికి రెండు వ్రేళ్ల వెడల్పు వెనుకగా ఆ పట్టీని మూపుమీదుగా వేసి రెండు ప్రక్కల నొక్కవలెను. వంపు చెడకుండ ఎత్తి, కాగితముపై లోపలి గీత గీసి, అట్టకు అతికించి కత్తిరింపవలెను. గుఱ్ఱమును బజారునకు తోలుకొనిపోనక్కఱలేదు, దాని వీపు మన సంచిలో నున్నట్లే. జీను ముందుకమాను క్రింద ఈ అట్టను పెట్టి చూడగా మొనలయొద్దనే తట్టుకొని పైకి పోనిచో జీను ఇఱుకు. పైకప్పును తగిలినచో వెడల్పు హెచ్చు. ఎక్కినప్పుడు అది మూపుమీద కూలును. ప్రక్కలు రెండును అట్టతో సమాంతరముగా దిగవలెను. గుండ్రని వీపుగల తట్టువలకు లాడమువలె విశాలముగా వంగిన కమాను కావలెను. ఇఱుకైన కోణముగల కమాను ఎంత ఖరీదైనదైనను పనికిరాదు.

పాతజీను కొనునప్పుడు చట్రమును పరీక్షింపక సొమ్ము చెల్లింపరాదు. జీనును ఒడిలో నిలిపి ముందుకమానును రెండు చేతులతో విడదీయజూడవలెను. అది కదలినను, కిఱ్ఱుమనినను విఱిగినదని తెలియవలెను. దానిని ఊరక ఇచ్చినను తీసికొనరాదు. ఉక్కుపట్టీలు వేసిన చట్రములో కూర్చుండుచోటు కొంచెము వంగి తిరిగి లేచును, అది దోషము కాదు. పిమ్మట బోర్లించి మెత్తలను చేతితో తడవిచూడవలెను. ఉన్ని గడ్డకట్టి యున్నచో దానిని తీసి మరల నింపించుట మంచి మోచీకి పెద్దపని కాదు. నడిమి సందు వెన్నెముకను తాకకుండ మొదటినుండి చివరివఱకు మూడు నాలుగు వ్రేళ్ల వెడల్పుండవలెను.

ముందుకమానులోని లోహపుపట్టీని మార్చుకొను ఏర్పాటుగల జీనులు ఇప్పుడు కృత్రిమ వస్త్రముతోను దొఱకుచున్నవి. గుఱ్ఱము బలిసినపుడు వెడల్పుపట్టీ, చిక్కినపుడు ఇఱుకుపట్టీ వేయవచ్చును. తోలువానితో పోల్చినచో వెలయు తక్కువ, బరువును తక్కువ, నీటితో కడుగవచ్చును. చూచుటకు వానిలో ఠీవి లేదని కొందఱందురు. గుఱ్ఱ మా మాట అనదు. ఈ ఆలోచన క్రొత్తదియు కాదు. బ్రిటిషు సైన్యము 1912 సంవత్సరపు నమూనా జీనులో ప్రక్కపలకలను ఉక్కుకమానులపై కొంచెము కదలునట్లు అమర్చెను. ఒకే నమూనా నానా ఆకారముల గుఱ్ఱములకు సరిపడవలె గదా.

ప్రక్కతోలు ముందునకు పొడుచుకొని వచ్చిన దుముకుడు జీనుకంటె నిటారుగా కోసినది భుజమునకు హాయి. అయినను తోలుకంటె చట్రపుమొన ముఖ్యము. తోలు భుజముమీద కొంత ప్రాకినను అది వంగును, మొన వంగదు.

ఇఱుకైన జీనుక్రింద మందమైన మెత్తలు వేసిన బాగుపడునని నమ్మువారు కలరు. ఇఱుకు చెప్పులోనికి మేజోళ్లు రెండు తొడిగిన పాదమునకు ఏమి సుఖము? వెడల్పైనదానికి ఒక కంబళి చేర్చి సరిచేయవచ్చును, ఇఱుకుదానికి చికిత్స లేదు. చట్రమే లేని జీనులు భుజమును అడ్డగింపవు, వెలయు కొంత తక్కువ. కాని బరువును వీపంతట పంచు సాధనము వానిలో లేదు గనుక, తేలికైన పిల్లలకు, కొలదిసేపు స్వారికి మాత్రమే వానిని మేము సమ్మతింతుము. అప్పుడును క్రింద మంచి మెత్త యుండవలెను.

చదును మూపు తట్టువకు తోకక్రిందుగా పోవు పట్టీ యొకటి జీనును ముందునకు జాఱనీయదు. పూర్వపు సైనికులును కొండదారి సరుకుమోతవాండ్రును దీనిని బాగుగా ఎఱుగుదురు, నేటివారు దీనిని నామోషిగా తలతురు. జీను వేయునప్పుడు మొదట కొంచెము ముందుగా పెట్టి, వెండ్రుకల వాలున వెనుకకు జరుపుచు అది తనంతట ఆగినచోట విడువవలెను. మొనలు భుజఫలకమునకు వెనుకను, మెత్తలచివర కడపటి ప్రక్కటెముకకు ముందును ఉండవలెను. కుఱుచవీపుగల తట్టువమీద ఈ రెంటిమధ్య దొఱకు చోటు మిక్కిలి తక్కువ గనుక, పొడవైన జీను పెద్దవారికి సుఖమైనను దానికి తగదు.

కొన్నపిమ్మటను పరీక్ష కలదు. అరగంట స్వారిచేసి, నెమ్మదిగా జీనెత్తి చూడవలెను. చెమట అంతట సమానముగా పట్టియున్నచో మంచిది. భుజము వెనుక మొన తగులుచోట పొడిమచ్చ కనబడినచో అచ్చట ఒత్తిడి మించి చెమట ఊరలేదని అర్థము. కొన్ని నెలలట్లే ఉపేక్షించినచో ఆ చోట తెల్లవెండ్రుకలు మొలచును, అవి మరల నల్లబడవు. మచ్చ రెండు ప్రక్కల నున్నచో జీను ఇఱుకైనదో, మఱీ ముందుగా వేయబడినదో అయియుండును. ఒకప్రక్కనే యున్నచో మెత్తలో ఉన్ని గడ్డకట్టినదేమో, ఎక్కినవాడు ఒకవైపునకు ఒరుగుచున్నాడేమో చూడవలెను.