బిడ్డలుగల ఇంటికి రాయితీ చీటి



రైలుబండిలో చంటిబిడ్డకు టిక్కెట్టు లేదు. కొంచెమెదిగిన బిడ్డకు అర టిక్కెట్టు. ఈ యాచారము మనకెంత అలవాటైనదనగా, దాని వెనుక నొక ధర్మమున్నదను సంగతినే మరచితిమి. బిడ్డ సంపాదించునది కాదు. బిడ్డను వెంటబెట్టుకొని బయలుదేరినవానికి ఖర్చు హెచ్చు. కావున లోకము వానియొద్ద కొంత తగ్గించి పుచ్చుకొనవలెను. తల్లి తన బిడ్డ వయస్సు ఒక యేడు తగ్గించి చెప్పుటయు, టిక్కెట్టు కలెక్టరు ఆ బిడ్డను ఎగాదిగ చూచి, నవ్వి ఊరకుండుటయు మన మెఱుగనివి కావు.

ఈ ధర్మమును రైలుబండినుండి దింపి, బజారులోని అంగళ్లకును, హోటళ్లకును వ్యాపింపజేయుటకు జపానుదేశమువారొక యేర్పాటు చేసిరి. దానిని గూర్చియే నేటి ప్రసంగము.

బిడ్డలుగల కుటుంబమునకు చీటి యిచ్చుట క్రొత్త యూహ కాదు. మొదటి మహాయుద్ధమున లక్షలకొలది యువకులు మడిసిన పిమ్మట, ఫ్రాన్సుదేశమువారు 1921లోనే ఇట్టి రైలు చీటిని చట్టముచే కల్పించిరి. అది నేటికిని కలదు. ముగ్గురు బిడ్డలున్నచో ఛార్జీలో నూటికి 30, నలుగురున్నచో 40, ఐదుగురైన 50, ఆరుగురు మొదలు 75 వంతులు తగ్గింతురు. అయితే అది దేశ ప్రభుత్వము రైళ్లకై పెట్టినది. జపానులో నట్లుగాక, ప్రాంతీయ ప్రభుత్వములే ముందు నడిచినవి. ఆ దేశము 47 ప్రిఫెక్చరులుగా విభజింపబడియున్నది. ప్రిఫెక్చరనగా మన రాష్ట్రమునకును జిల్లాకును నడిమిదని యెంచుకొనుడు.

వారి కీ చింత ఏల కలిగెనో ముందు చెప్పవలెను. 1989 సంవత్సరపు లెక్కలు తీయగా, ఒక్కొక్క స్త్రీకి సగటున కలుగు సంతానము 1.57కు దిగినట్లు 1990లో తేలెను. దేశమంతయు ఉలికిపడెను. దీనికంటె ముందు మిక్కిలి తక్కువయైన లెక్క 1966లోని 1.58. ఆ యేటి కథ వింతయైనది. మనకు ప్రభవాది షష్టిసంవత్సరములున్నట్లే వారికిని అరువదేండ్ల చక్రమొకటి కలదు. అందు 1966 'అగ్ని అశ్వ' సంవత్సరము. ఆ యేట పుట్టిన ఆడుపిల్ల మగని ఆయువునకు ముప్పని ప్రాత నమ్మకము. ఆ భయముచే ఆ యొక్క యేడు కాన్పులు నాల్గవవంతు తగ్గినవి. మన పంచాంగము ప్రకారము అది పరాభవ సంవత్సరము! 2026 మరల అదే సంవత్సరము, ఉభయులకును. మూఢనమ్మకముచే ఒక్క యేడు తగ్గుట వేఱు. ఏ నమ్మకమును లేకయే అంతకంటె దిగుట వేఱు. 2005 నాటికి లెక్క 1.26కు జారెను.

సరిగా ఆ దినములలో, 2006 జనవరియందు, పడమటి సముద్రతీరమున కనజావా పట్టణము ముఖ్యస్థానముగాగల ఇషికావా ప్రిఫెక్చరు, ముగ్గురు అంతకుమించి బిడ్డలున్న కుటుంబములకు చీటిని ఇయ్యసాగెను. తరువాత ఇద్దరున్నవారికిని ఇచ్చిరి. చూచుచుండగా ఇతర ప్రిఫెక్చరులును అదే త్రోవ పట్టినవి. పెక్కింట పదునెనిమిదేండ్లు నిండని బిడ్డ యొక్కతె యున్నను చాలును. కొన్నింట గర్భవతికిని ఇత్తురు.

చీటి నడచు తీరు మిక్కిలి సుళువు. పురపాలక కార్యాలయమున దానిని పుచ్చుకొందురు. ఇటీవల పెక్కుచోట్ల చేతి ఫోనులోనే చూపవచ్చును. ఏ యంగడి తలుపుపై గుర్తు అంటించియుండునో అచట చూపవలెను. ఒక వర్తకుడు నూటికి ఐదు తగ్గించును. ఒకడు బిడ్డ చేతికి పానీయ మిచ్చును. ఏమి యిచ్చుటయో వర్తకుని ఇష్టము, ఆ నష్టమును వర్తకునిదే. ప్రభుత్వము చీటి అచ్చువేసి, చేరిన అంగళ్ల పేళ్లు ప్రకటించును, అంతే. ఇది చూచి, పరుల సొమ్ముతో ప్రభుత్వము పుణ్యము కట్టుకొనుచున్నదని మీలో నెవరైన అనవచ్చును. ఆ మాట కొంత నిజమే. పెద్ద దుకాణమునకు ఈ తగ్గింపు ప్రకటన ఖర్చువంటిది. వీధి చివరి చిన్న అంగడికి అది లాభములో కోతయే. ఐనను చేరుమని ఎవరిని బలవంతపెట్టలేదు.

నాకు నచ్చినది ఆ ఐదు వంతుల తగ్గింపు కాదు. ఆ యంగళ్లలో రెండు విధములు గలవు. మొదటివి ధర తగ్గించునవి. రెండవవి ధర తగ్గింపక, బిడ్డతో బయటికి వచ్చినవారికి ఉపకారము చేయునవి: పాలపొడి కలుపుకొనుటకు వేడినీరిచ్చుట, తడిసిన గుడ్డ మార్చుటకు చోటు చూపుట మొదలైనవి. పసిబిడ్డతో బజారునకు పోయిన తల్లికి వీనిలో ఏది ముఖ్యమో ఇంటియాడువారి నడుగుడు. మిట్టమధ్యాహ్నము బస్సుస్టాండులో బిడ్డ గుక్కపట్టి ఏడ్చుచుండగా, చాటుగా కూర్చుండి పాలిచ్చుటకు స్థలములేక, కొంగు కప్పుకొని గోడవైపు తిరిగి నిలుచున్న ఇల్లాలిని నేను పలుమార్లు చూచితిని. ఆమెకు ఐదు రూపాయల తగ్గింపుతో పనిలేదు. పూర్వము ఏ యూరిలోనైనను వీధియరుగుపై కూర్చుండబెట్టి, లోపలినుండి ఇన్ని వేడినీళ్లు తెచ్చి యిచ్చు ముసలమ్మ ఉండెడిది. బజారులో అరుగు లేదు, ముసలమ్మయు లేదు. తలుపుపై అంటించిన ఆ గుర్తు, లోనికి రమ్మని పిలుచుటలో, ఆమె పని కొంత చేయుచున్నది.

మఱియొక గుణము. మన బియ్యపు కార్డు పేదరికమును విచారించి యిచ్చునది; అది యుండుట న్యాయమే. ఈ చీటి సామాన్యముగా ఆదాయము నడుగదు. కూలివాని భార్యయు, డాక్టరు భార్యయు ఒకే చీటిని చూపుదురు. తల వంచుకొనవలసిన పని యెవరికిని లేదు.

మొదట ఒక ప్రిఫెక్చరు చీటి దాని పొలిమేర దాటిన చెల్లెడిది కాదు. 2016 ఏప్రిలునుండి ఒకచోటి చీటి మఱియొకచోటను చెల్లు నేర్పాటు మొదలై, 2017లో 47 ప్రిఫెక్చరులును అందు చేరినవి. ఆ 2016 ఏప్రిలులోనే మన రైల్వేవారు, ఐదు మొదలు పండ్రెండేండ్లలోపు బిడ్డకు వేఱుగా బెర్తు కోరినచో పూర్తి ఛార్జీ చెల్లింపవలెనని నియమము తెచ్చిరి. బెర్తు కోరనిచో అర టిక్కెట్టే.

మఱి చీటివలన కాన్పులు పెరిగినవా? లేదు. 1973లో దాదాపు 20,90,000 మంది బిడ్డలు పుట్టిన ఆ దేశమున 2024లో పుట్టినవారు సుమారు 6,86,000. సగటు 1.15కు దిగెను. ఇందు ఆశ్చర్యమేమి? సరకు ధరలో ఐదు వంతులు తగ్గునని బిడ్డను కనువారెవరు? ఇంటి అద్దెలు, చదువుల ఖర్చులు, రాత్రి ప్రొద్దుపోవువరకు సాగు ఉద్యోగములు, ఆలస్యమగు వివాహములు — వీనిని ఒక అట్టముక్క తీర్చజాలదు. పైగా కొనగలవానికే తగ్గింపు దక్కును. కొననివానికి చీటి యున్నను లేకున్నను ఒకటే. అంగళ్లే లేని కొండపల్లెలో అది పెట్టెలో నుండవలసినదే.

మనకీ ముచ్చట దూరముది కాదు. ఇద్దరికంటె ఎక్కువ బిడ్డలున్నవారు పంచాయతీ ఎన్నికలలో నిలువరాదను 1994 నాటి చట్టపు నియమము మీలో పెక్కండ్రకు అనుభవమే. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో దానిని తొలగించెను. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆ రాష్ట్రపు సగటు 1.7, జనసంఖ్య తగ్గక నిలుచుటకు రెండును, పైన ఒక పిసరును కావలెను. నిన్న మూడవ బిడ్డను తప్పుగా నెంచిన మనము, రేపు ఆ బిడ్డకే బహుమానము కట్టుదుమేమో. మూడవ బిడ్డకే చీటి యని మొదలుపెట్టిన ఇషికావావారు ఇద్దరివద్దకు దిగివచ్చిరని జ్ఞాపకముంచుకొనుడు. బిడ్డలను లెక్కించి ఇచ్చు చీటికంటె, ఉన్న బిడ్డను చూచి ఇచ్చు చీటి మేలని నా యభిప్రాయము.

చీటి అచ్చువేయుట ప్రభుత్వముల పని, అది ఎప్పటికగునో. వేడినీటికి మాత్రము ఉత్తరువు అక్కరలేదు. సంతనాడు పంచాయతీ కార్యాలయమున ఒక గది తెఱచి, ఒక చాపయు, త్రాగునీరును, కాగిన నీళ్లబిందెయు ఉంచి, పసిబిడ్డల తల్లులు కూర్చుండవచ్చునని తలుపుమీద వ్రాయించుటకు గ్రామపెద్దల మాట చాలును. మీ యూరి సంత ఏ వారమో నాకు తెలియదు గాని, అది ఏడు దినములలోపలనే వచ్చును.