దెబ్బ తరువాతి గడియలు

విజయవాడ నుండి హైదరాబాదు పోయే రహదారి మీద నందిగామ, జగ్గయ్యపేట వరుసగా వస్తవి. ఒకదాని చెంత మునేరు, మరొకదాని చెంత పాలేరు. ఒకప్పుడు కృష్ణా జిల్లా మెట్టసీమగా ప్రసిద్ధమైన ఈ ప్రాంతం 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది. ఆ మధ్య గ్రామీణ కార్యక్రమం నిమిత్తం మేము అటు వెళ్ళినప్పుడు, మిరప కల్లంలో ఒక పెద్దాయనతో మాటలు కలిసినవి. ఆయన మేనల్లుడు ఆ దారిలోనే మోటారు సైకిలు మీద నుండి పడ్డాడట.

"తల పగల్లేదయ్యా. పుర్రె విరగలేదు, లోపల రక్తం గడ్డ కట్టలేదు అన్నారు. అయినా నెలన్నర తెలివి లేకుండా ఉన్నాడు. లేచాడు గాని, మునుపటి పిల్లవాడు కాడు. దెబ్బే కనపడనప్పుడు లోపల ఏం తెగిందంటారు?"

ఆనాడు మేము సమాధానం చెప్పలేకపోయాము. ఆ ప్రశ్నను వెంటబెట్టుకొని వెతుకగా దొరికిన జవాబే నేటి ప్రసంగం.

మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నవని అంచనా. ప్రతి కణానికి ఒక దేహం, దాని నుండి బయలుదేరి వార్తను మోసుకొనిపోయే ఒక పొడవాటి తంతువు ఉంటవి. తంతువు మందం మిల్లీమీటరులో వెయ్యవ వంతు స్థాయిలో ఉంటుంది. పొడవు మాత్రం, వెన్నుపాము నుండి పాదం దాకా పోయేదైతే, మీటరు వరకు ఉండవచ్చు. దాని పోషణకు కావలసిన పదార్థాలు చాలావరకు కణదేహంలోనే తయారై, తంతువు లోపలి అతిసన్నని గొట్టాల వెంబడి చివరి దాకా పయనించాలి. సాగర్ ఎడమకాలువ నీరు చివరి ఆయకట్టుకు చేరడం వంటిదే ఇదీను.

ఆ సరఫరా తెగితే ఏమవుతుంది? 1850లో ఆగస్టస్ వాలర్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కప్ప నాలుకకు పోయే నరాన్ని కోసి చూశాడు. కణదేహంతో సంబంధం పోయిన భాగం కొద్ది రోజులలో ముక్కలు ముక్కలై నశించింది. కత్తి పెట్టి కోసిన నరం సంగతి అది. మరి, కోత లేని దెబ్బ మాట?

మన పెద్దాయన అడిగిన ప్రశ్నకు 1956లో సబీనా స్ట్రిచ్ అనే వైద్యురాలు తొలి సమాధానం చెప్పింది. ప్రమాదం తరువాత నెలల తరబడి స్పృహ లేక మరణించినవారి మెదళ్ళను ఆమె పరిశీలించింది. పుర్రె పగులు లేదు, రక్తపు గడ్డ లేదు. కాని మెదడులోని తెల్లని భాగంలో తంతువులు విస్తారంగా నశించి ఉన్నవి. మెదడు మెత్తని పదార్థం. పరుగున పోతున్న తల హఠాత్తుగా ఆగి, గిరుక్కున తిరిగితే, లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి జారుతవి; మధ్య నున్న తంతువులు సాగుతవి. ఆ సాగుడులోనే అవి తెగిపోతవని ఆమె భావించింది.

అయితే 1983లో అమెరికా దేశపు వర్జీనియాలో జాన్ పావ్లిషాక్ బృందం పిల్లుల మీద చేసిన పరిశోధన ఈ భావనను సవరించింది. దెబ్బ తగిలిన క్షణంలో తంతువులు తెగలేదు. కొన్ని గంటలలో అవి ఒకచోట ఉబ్బి, అటుపిమ్మట రెండుగా విడిపోయినవి. అనగా దెబ్బ రెప్పపాటుదే గాని, నష్టం గంటల తరబడి నడిచే వ్యవహారం.

ఆ గంటలలో ఏమి జరుగుతున్నదో చూడడానికి శాస్త్రజ్ఞులు నాడీకణాలను గాజుపాత్రలకు తెచ్చారు. సాగే గుణం గల పలుచని పొర మీద కణాలను పెంచి, గాలి ఒత్తిడితో ఆ పొరను హఠాత్తుగా సాగదీస్తారు. మెల్లగా సాగదీస్తే తంతువు ఓర్చుకొంటుంది. లిప్తపాటులో సాగదీస్తే గాయపడుతుంది. అప్పుడు దాని పొరలోని ద్వారాల గుండా సోడియం, దాని వెనుక కాల్షియం లోనికి చొరబడతవి. ఒక జాతి సముద్రపు చేపలోని విషంతో సోడియం ద్వారాలను ముందుగానే మూసివేయగా, కాల్షియం రాక కూడా ఆగిపోయినట్లు 2001లో నిరూపించారు. అధికమైన కాల్షియం, కణంలో మామూలుగా అదుపులో ఉండే కొన్ని ఎంజైములను మేల్కొలిపి, లోపలి కట్టడాన్నే కొరికివేయిస్తుంది. గొట్టాలు విరుగుతవి. వెనుక నుండి వచ్చే సరుకు అక్కడే పోగుపడుతుంది. కాలువకు అడ్డు పడినచోట నీరు ఎగదన్ని, చివరకు గండి పడినట్లు, తంతువు ఉబ్బి తెగుతుంది.

ఇంత తెలిసిన తరువాత, ఆ గండి పడకుండా ఆపే మందు ఏదీ అని శ్రోతలు అడుగవచ్చు. అటువంటి మందు నేటికీ వైద్యుల చేతికి రాలేదు. గాజుపాత్రలో, ఎలుకలో పనిచేసినవి అనేకం మనిషి దగ్గర విఫలమైనవి. వాపు తగ్గుతుందన్న నమ్మకంతో తల గాయాలకు ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లు ఇచ్చేవారు. 10,008 మంది రోగులతో జరిపిన పరీక్ష ఫలితాలు 2004లో వెలువడినవి: రెండు వారాలలో, మందు పొందినవారిలో నూటికి 21.1 మంది, పొందనివారిలో 17.9 మంది మరణించారు. మంచి జరుగుతున్నదని నమ్మినచోట కీడు జరిగింది. ప్రయోగశాల నేర్పే ఓర్పు, వినయం ఇటువంటివి.

ఈ విద్యలో తెలుగువారికీ పాలు ఉన్నది. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో నాడీ శస్త్రచికిత్సకు డాక్టర్ బాలపరమేశ్వరరావు పునాది వేశారు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వేముగంటి రఘు, పక్షవాతంలోను మెదడు గాయంలోను కణాలలో కలిగే మార్పులను పరిశోధిస్తున్నారు.

మందు లేదన్నంత మాత్రాన చేతులు ముడుచుకొని కూర్చోవలసిన పని లేదు. గాయపడిన కణానికి ప్రాణవాయువు తగ్గినా, రక్తపు ఒత్తిడి పడిపోయినా, బ్రతుకవలసినది కూడా చస్తుంది. ఆ రెంటినీ కాపాడడం దారిలోనే మొదలు కావాలి. 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 వాహనాన్ని పిలవండి. స్పృహ లేనివాని నోట నీళ్ళు పోయవద్దు. మెడ వంచి ఆటోలో కుదించవద్దు. తలకు దెబ్బ తగిలినవాడు లేచి నడిచినా ఆ పగలు, ఆ రాత్రి కనిపెట్టి ఉండండి. పదే పదే వాంతులు, మగత, మూర్ఛ, పెరిగే తలనొప్పి కనిపిస్తే తెల్లవారే దాకా ఆగవద్దు. సాయం చేసినవారిని కేసులు చుట్టుకొంటవన్న భయమూ అక్కరలేదు. సద్బుద్ధితో ఆదుకొన్నవారికి 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ కల్పించింది. వీటన్నిటికంటె ముందు శిరస్త్రాణం ఉండనే ఉన్నది. అది మెదడు కుదుపును పూర్తిగా ఆపలేదు గాని, ప్రాణం పోయే గాయాలను చాలా తగ్గిస్తుంది.

మళ్ళీ ఆ కల్లంలోకి పోతే ఆ పెద్దాయనతో ఏమి చెప్పగలము? మీ పిల్లవానికి లోపల తెగినది ఒక్క నరం కాదు, వేలాది సన్నని తంతువులు అయి ఉండవచ్చునని చెబుతాము. అవి పడిన క్షణంలోనే అన్నీ తెగలేదనీ, మీరు ఆసుపత్రి అరుగు మీద కూర్చున్న ఆ గంటలలో కూడా తెగుతూనే ఉండి ఉంటవనీ చెబుతాము. అది మీ లోపం వలన జరిగినది కాదు. ఆపే ఉపాయం లోకంలో ఇంకా ఎవరికీ తెలియదు. ఆ ఉపాయం కోసమే, ఎక్కడో ఒక ప్రయోగశాలలో, ఈ రాత్రి కూడా ఎవరో ఒకరు ఒక తంతువును సాగదీసి, గడియారం వంక చూస్తూ కూర్చొని ఉంటారు.