టీ గ్లాసు ఖరీదు
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో అధ్యక్షురాలి ప్రసంగం)



పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి బకాయి ఎంత అన్నది కార్యదర్శి గారు ఇప్పుడే చదివారు. అవన్నీ ఈ పుస్తకంలో అచ్చవుతాయి, నేను మళ్లీ చదవను. లెక్కల్లోకి రాని ఒక సంగతి చెప్పాలని నిలబడ్డాను. ఈ సభతో నా పదవి అయిపోతుంది. ఎవరికి కోపం వచ్చినా నాకు పోయే ఓట్లు లేవు.

పోయిన వేసవిలో మా ఊరి ఎస్సీ కాలనీ సంఘాలు రెండు కాగితం రాసిచ్చాయి. గ్రామ సంఘంలోంచి బయటికి వస్తాం, మాకు వేరేగా పెట్టండి అని. ఎందుకని అడిగితే, "ఏం లేదమ్మా, మీటింగుకి రావడం దూరమవుతా ఉంది" అన్నారు. కాలనీకీ మేం మీటింగు పెట్టుకునే ఇంటికీ మధ్య ఉండేది ఒక చప్టా. అంతే దూరం.

ఆ సాయంత్రం నేను ఒక్కదాన్నే పోయాను. ఆ సంఘం లీడరు నాకంటే పదేళ్లు పెద్ద. మంచం వాల్చి కూర్చోమంది. మంచినీళ్లు అడిగితే మనవడి చేతిలో డబ్బులు పెట్టి కూల్‌డ్రింకు సీసా తెమ్మని అంగడికి పంపింది. నీళ్లే చాలన్నాను. ఆమె కాసేపు నా మొహం చూసి, "మా ఇంట్లో నీళ్లు తాగుతారామ్మా మీరు?" అంది.

ఆ మాటలో 'అమ్మా' విన్నారా, 'మీరు' విన్నారా? సంఘంలో అందరం అక్కా, చెల్లీ అనుకోవాలని మొదటి శిక్షణలోనే చెప్పారు. పాతికేళ్లు కావస్తున్నా ఆమె నన్ను 'అమ్మా, మీరు' అనే అంటుంది. మా పెద్దవీధి పిల్లలు కూడా ఆమెను 'ఏమే' అని పిలుస్తారు. నేనూ పిలిచాను. ఆ రోజు దాకా నాకది తప్పుగా తోచలేదు.

నీళ్లు తాగాక ఆమె నోరు విప్పింది. మీటింగు ఎప్పుడూ పెద్దవీధిలో ఒకరి వసారాలోనే. మేం జంబుఖానా మీద కూర్చుంటే కాలనీ వాళ్లు మెట్ల మీద కూర్చుంటారు. ఎవరూ అక్కడ కూర్చోమని చెప్పలేదు. పైకి రమ్మనీ ఎవరూ అనలేదు. టీ వస్తే మాకు స్టీలు గ్లాసులు, వాళ్లకు పేపరు గ్లాసులు. అడిగితే "పేపరు గ్లాసు శుభ్రం కదా" అంటాం. అంత శుభ్రమైతే అందరికీ అవే తేవాలి గదా. లెక్కపెట్టి మెట్ల మీద ఉన్నవాళ్లకు సరిపోయేటన్నే ఎందుకు తెచ్చాం?

గ్లాసు సంగతి చిన్నదని ఇక్కడ కూర్చున్న కొందరికి అనిపిస్తుందని నాకు తెలుసు. అందుకే డబ్బు లెక్క చెబుతాను. టీ అయిపోగానే కాలనీ వాళ్లు లేచి వెళ్లిపోయేవాళ్లు. అప్పు ముందు ఎవరికి ఇవ్వాలన్న మాట ఆ తర్వాత, వసారాలో మిగిలినవాళ్ల మధ్య జరిగేది. తీర్మానం పుస్తకం మర్నాడు వాళ్ల ఇంటికే పోయేది సంతకాలకి. ఈమె గేదె కోసం అప్పు అడిగితే మూడుసార్లు పేరు చివరికి పోయింది. చేసేది లేక ఊళ్లో వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి యాభై వేలు తెచ్చింది. నెలకు 1,500. ఆరు నెలలకు 9,000. సంఘంలో సకాలంలో కట్టేవాళ్లకు సున్నా వడ్డీ అని మనం గొప్పగా చెప్పుకుంటున్న రోజుల్లో ఆమె కట్టిన డబ్బు అది. ఆ పేపరు గ్లాసు ఖరీదు తొమ్మిది వేలు, అక్కలారా.

మేం ఎవరమూ ఆమెకు అప్పు ఇవ్వకూడదని అనుకోలేదు. ఆ మాట నిజం. ఎవరినీ తిట్టలేదు, పొమ్మనలేదు. ఎక్కడ కూర్చుంటాం, ఎప్పుడు మాట్లాడతాం, పుస్తకం ఎవరింట్లో ఉంటుంది అన్నవాటిలోనే పని జరిగిపోయింది. అందుకే మనకది కనపడదు, మెట్ల మీద కూర్చున్నవాళ్లకు బాగా కనపడుతుంది.

మన నెల్లూరు వైపు పొదుపు ఎట్లా పుట్టిందో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1993 అక్టోబరు ఒకటి నుంచి రాష్ట్రంలో సారా ఆగింది. సారాకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకుందామని పొదుపులక్ష్మి మొదలైంది. అన్ని ఇళ్లలోనూ ఏడుపు ఒక్కటే అయినప్పుడు కలిశాం. డబ్బు చేతికొచ్చాక వసారా, మెట్లు వేరయినాయి.

ఇంకొకటి. మన మండలంలోనే ఒక ఊళ్లో బడి భోజనం వండే సంఘంలో ఎస్సీ చెల్లెలు ఉంది. ఆమె వండితే మా పిల్లలు తినరని కొందరు తల్లిదండ్రులు బడికొచ్చారు. గొడవెందుకని గ్రామ సంఘం వాళ్లు ఆమెను పొయ్యి దగ్గర్నుంచి తీసి పాత్రలు తోమే పనికి మార్చారు. సర్దుబాటు చేశామని మండలానికి వచ్చి చెప్పారు. మేం సరేనని తలూపాం! వంటవాళ్లను పెట్టేటప్పుడు దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ముందు అవకాశం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే చెప్పింది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని ఎప్పుడో రద్దు చేసింది. చట్టం అట్లా ఉంటే మనం చేసిన సర్దుబాటు ఇట్లా ఉంది. బళ్లు తెరిచినప్పటి నుంచి ఆమె మళ్లీ పొయ్యి దగ్గరే ఉంది. మొదట్లో కొంతమంది పిల్లలు ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకున్నారు. ఇప్పుడు ఒక్క పిల్లాడే తెస్తున్నాడు. వాడు కూడా సాంబారు ఆమె దగ్గరే పోయించుకుంటాడని వివోఏ చెప్పింది.

కాలనీ అక్కలకు కూడా ఒక మాట చెప్పాలి, తప్పుగా అనుకోవద్దు. చెరువు కట్ట మీద యానాదుల ఇళ్లున్నాయి. వాళ్లు సంఘంలో చేరతామంటే "వాళ్లు పొదుపు కట్టలేరు, ఈ రోజు ఇక్కడుంటే రేపు ఇంకో చోట" అని మీ సంఘమే వద్దంది. మా పెద్దవీధి వాళ్లు మీ గురించి ఒకప్పుడు అన్న మాటలే ఇవి. చేపలు పట్టేవాళ్లకు డబ్బు వారానికోసారి కనపడుతుంది, నెలకు దాచి ఇమ్మంటే ఎక్కడ తెస్తారు? వారం పొదుపు పెడితే కడతారు. పెట్టి చూడండి.

మా గ్రామ సంఘంలో చేసుకున్న తీర్మానాలు చెబుతాను, మీ ఊళ్లలో పనికొస్తాయేమో చూడండి. మీటింగు ఒక నెల పెద్దవీధి, ఒక నెల కాలనీ, ఒక నెల బడి. అప్పు అర్జీలు వచ్చిన వరుసలో పుస్తకంలో నంబరు వేసి రాయాలి, అందరూ ఉండగానే చదవాలి. వరుస మారిస్తే ఎందుకు మార్చామో పక్కన రాయాలి. మీటింగు ముగిశాక మాట్లాడినది ఏదీ చెల్లదు. నలభై స్టీలు గ్లాసులు కొన్నాం, కడగడం వంతుల వారీగా. వివక్ష జరిగిందని ఎవరైనా చెప్పుకోవాలంటే సోషల్ యాక్షన్ కమిటీకి చెప్పాలి. లీడరు మీదే అయితే నేరుగా మండలానికి రావచ్చు, చెప్పినామె పేరు మీటింగులో చదవరు. కులం పేరు పెట్టి పదిమందిలో తిడితే అది 1989 చట్టం కిందికి వచ్చే నేరం. దాన్ని మనం కూర్చుని రాజీ చేయకూడదు. చేసేవాళ్లం, ఒప్పుకుంటున్నాను.

అంతా సజావుగా జరిగిందని మాత్రం చెప్పను. కాలనీలో పెట్టిన మొదటి మీటింగుకు పెద్దవీధి వాళ్లు సగం మంది రాలేదు. ఒకామెకు జ్వరం, ఒకామెకు చుట్టాలు. వచ్చినవాళ్లలో ఒక చెల్లెలు టీ తాగి, ఇంట్లో మాత్రం తాగలేదని చెప్పింది. ఆమెను నేనేమీ అనలేదు. నేను ఇంటికి పోయేసరికి మా అత్తగారు గడపలో చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది, కాళ్లు కడుక్కుని రమ్మని. రోజూ పొలం నుంచి వచ్చినా కడుక్కుంటానత్తా, ఈ రోజు ప్రత్యేకంగా చెప్పొద్దు అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే అడిగింది, గేదె కొన్నదా ఆ పిల్ల అని. ఆ పిల్లకు అరవై ఏళ్లు దగ్గర పడుతున్నాయి.

ఇద్దరిలో ఒక సంఘం కాగితం వెనక్కి తీసుకుంది. రెండోది తీసుకోలేదు. ఆరు నెలలు చూసి చెబుతామన్నారు. వాళ్లు చూడటం న్యాయమే.

వచ్చే నెల పదో తారీఖు మా గ్రామ సంఘం మీటింగు కాలనీ కమ్యూనిటీ హాల్లో, మధ్యాహ్నం మూడింటికి. చూడాలనుకునే గ్రామ సంఘాల లీడర్లు రావచ్చు. పుస్తకాలు, జంబుఖానా మోసుకురావడం ఈసారి పెద్దవీధి సంఘాల వంతు.