విమర్శకుని కలం, చైనా యుద్ధం
(పొదిలిలో యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సినిమా ప్రస్తావన మన పెద్దలలో కొందరికి రుచించదని మేమెరుగుదుము. అయినా చెప్పక తప్పదు. తెరమీద గడ్డం, టోపీ కనబడితే తరువాత తుపాకీ కనబడుతుందని మన పిల్లలే నవ్వుతూ చెబుతున్నారు. ఆ నవ్వు మాకు బాధ కలిగించింది.

ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ 1914లో పానిపట్టులో జన్మించారు. ఉర్దూ మహాకవి హాలీ వంశీకులు. అలీగఢ్‌లో చదివి బొంబాయి క్రానికల్ పత్రికలో చేరి, సినిమా సమీక్షకులుగా పేరు గడించారు. 1939లో హాలీవుడ్ వారి ‘గంగాదీన్’ భారతీయులను అవమానించిన తీరును ఫిల్మిండియా పత్రికలో ఎండగట్టారు. సినిమా అంటే గిట్టని గాంధీజీకే ఆ సంవత్సరం బహిరంగ లేఖ రాశారు. తెగడటమే కాక 1941లో ‘నయా సంసార్’ కథ రాసి, తామూ రంగంలోకి దిగారు.

ఇక యుద్ధం మాట. 1937లో జపాన్ చైనాపై దండెత్తింది. మరుసటి ఏడు కాంగ్రెస్ ఐదుగురు వైద్యులను అక్కడికి పంపింది. అటల్, చోల్కర్, ముఖర్జీ, బసు, కోట్నిస్. నలుగురు తిరిగి వచ్చారు. షోలాపూరుకు చెందిన ద్వారకానాథ్ కోట్నిస్ అక్కడే గాయపడిన సైనికులకు శస్త్రచికిత్సలు చేస్తూ, చైనా యువతిని వివాహమాడి, కుమారుడు పుట్టిన కొద్ది నెలలకే 1942 డిసెంబరు 9న కన్నుమూశారు. వయస్సు 32. అబ్బాస్ ఆ బృందంలో లేరు. తిరిగి వచ్చిన డాక్టర్ బసు చెప్పిన సంగతులు ఆధారంగా 1944లో కోట్నిస్ కథను పుస్తకంగా వెలువరించారు. దాని నుండే 1946లో శాంతారాం చిత్రం ‘డాక్టర్ కోట్నిస్ కీ అమర్ కహానీ’ వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగుదాం. 1944 అంటే దేశ విభజన మాట బలంగా వినబడుతున్న కాలం. అప్పుడు ఒక ముస్లిం పాత్రికేయుడు ఒక మరాఠీ హిందూ వైద్యుని త్యాగాన్నీ, బాంబులకింద నలిగిన చైనా ప్రజలనూ తన విషయంగా ఎంచుకున్నారు. మన రచయితలు మన గాయాలే రాయాలనే మాటను మేము ఒప్పుకోము. మన గాయాలు రాయవలసిందే, కానీ పక్కవాని గాయాన్ని కూడా రాసినవాని మాట పదిమంది వింటారు. 1947లో పానిపట్టు ముస్లింలలో అత్యధికులు ఊరు విడిచినా ఆయన ఈ దేశంలోనే నిలిచారు. 1987లో మరణించేవరకు ‘లాస్ట్ పేజ్’ శీర్షిక రాస్తూనే ఉన్నారు.

ఆయనలో లోపం లేదని అనము. 1951లో చైనా చూసివచ్చి రాసిన పుస్తకంలో మెచ్చుకోలు పాలు ఎక్కువ. సినిమాలను తూర్పారబట్టిన కలం అక్కడ మెత్తబడిందని మా అభిప్రాయం.

నేడు గాజా దృశ్యాలు మన ఫోన్లకు క్షణంలో వస్తున్నాయి. వాటిలో పాతవి, వేరే దేశానివి కలిసి ఉంటున్నాయి. దస్త్రాల మధ్య ఉద్యోగకాలం గడిపినవాళ్లం కనుక, తేదీ, సంతకం లేని కాగితాన్ని మేము ముందుకు పంపము. అబద్ధపు వీడియో ఒక్కటి బయటపడితే, నిజంగా చచ్చిపోయిన పసిబిడ్డల మాట కూడా ఎవరూ నమ్మరు.

కాబట్టి యువకులను కోరుతున్నాం. వచ్చే నెల సమావేశానికి ప్రతి ఒక్కరూ ఇటీవల చూసిన ఒక తెలుగు సినిమాపై ఒకటిన్నర పేజీ రాసి తీసుకురండి. అందులో మన పాత్రలు ఎన్ని, వాటికి ఏ వృత్తి ఇచ్చారు, ఏ మాటలు పలికించారు అన్నది ముందు రాయండి. తిట్లు తరువాత రాయవచ్చు. బాగున్నవాటిని ఈ పత్రికకే పంపుదాం.