పిల్లికి ఎఫ్.ఐ.వి. అంటే భయపడాలా?



పోయిన చలికాలం మా గ్యారేజీలోకి ఓ వీధిపిల్లి చేరింది. చెవి చిరిగి, మెడ మీద గాట్లు. మా అమ్మాయి దానికి బుజ్జిగాడని పేరు కూడా పెట్టేసింది. పశువుల డాక్టరు దగ్గర రక్తపరీక్ష చేయిస్తే ఎఫ్.ఐ.వి. పాజిటివ్ అన్నారు. అది పిల్లులకొచ్చే ఎయిడ్స్ అని ఎవరో అనేసరికి, గుంటూరు నుంచి వచ్చి మాతో ఉంటున్న అమ్మ "చిన్నపిల్ల తిరిగే ఇంట్లో ఇదేం తెగులురా, ఎక్కడైనా వదిలేసి రా" అంది. నిజం చెప్పొద్దూ, నాకూ భయమేసింది. అప్పుడు చదివి, డాక్టరుని అడిగి తెలుసుకున్న సంగతులివి.

ఈ వైరస్‌ని 1986లో కాలిఫోర్నియాలోని పెటలూమాలో జబ్బుపడ్డ పిల్లుల్లో కనుక్కున్నారు. కనుక్కున్నది డేవిస్ విశ్వవిద్యాలయానికి చెందిన నీల్స్ పెడర్సన్, జానెట్ యమమోటోల బృందం. మనుషులకొచ్చే హెచ్.ఐ.వి.కి ఇది దాయాదే, కానీ మనుషులకు సోకదు. పిల్లి ఒళ్లో పడుకున్నా, గీరినా, కరిచినా ఈ వైరస్ మనకు రాదు. కరిస్తే వేరే సూక్ష్మజీవుల వల్ల పుండు పడొచ్చు కాబట్టి, దానికి మాత్రం డాక్టరుకి చూపించుకోవాలి.

పిల్లి నుంచి పిల్లికి ఇది ముఖ్యంగా లోతైన కాటు వల్ల అంటుతుంది. అందుకే ఆపరేషన్ చేయించకుండా బయట తిరిగి పోట్లాడే మగపిల్లుల్లో ఎక్కువ. పోట్లాడుకోని పిల్లులు ఒకే గిన్నెలో తిన్నా అంటుకోవడం అరుదు.

ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పకండి. మామూలుగా చేసే పరీక్ష చూసేది వైరస్‌ని కాదు, దానిమీద ఒంట్లో పుట్టిన యాంటీబాడీలని. కూనలకి అవి తల్లిపాల నుంచి రావచ్చు. ఆరు నెలలు దాటాక మళ్లీ పరీక్ష చేయించాలి. అమెరికాలో 2002లో ఓ టీకా వచ్చింది, అది వేసిన పిల్లులకీ పాజిటివ్ వచ్చేది. ఆ టీకా ఇప్పుడిక్కడ అమ్మడం లేదు.

జబ్బుని పూర్తిగా నయం చేసే మందు లేదు. అయినా ఈ వైరస్ ఉన్న పిల్లులు చాలావరకు ఏళ్ల తరబడి హాయిగా బతుకుతాయి. ఇంట్లోనే ఉంచాలి, ఆపరేషన్ చేయించాలి, పచ్చిమాంసం పెట్టకూడదు, ఆరు నెలలకోసారి డాక్టరుకి చూపించాలి. చిగుళ్లు వాచినా, తిండి తగ్గినా ఆలస్యం చేయకూడదు.

బుజ్జిగాడు మా ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ ఇప్పటికీ వాడిని ముట్టుకోదు. కానీ పొద్దున్నే కాఫీ తాగుతూ "వాడు తిన్నాడా?" అని మాత్రం అడుగుతుంది.